ఇరవై అంకెల సంఖ్యను విడగొడదామా?

ఈ సంఖ్యను ఒకసారి చూడండి:

18446744073709551615

అంకెలు లెక్కపెట్టండి. సరిగ్గా ఇరవై ఉన్నాయి. మరి దీన్ని చదవడం ఎలా? కుడివైపు నుంచి ఏడేసి అంకెల చొప్పున గీతలు గీసుకుంటే పని తేలికవుతుంది. మొదటి ఏడు స్థానాలు ఒకట్ల నుంచి పది లక్షల దాకా సరిపోతాయి. ఎనిమిదో స్థానం కోటి. పదిహేనో స్థానం కోటి కోట్లు. కాబట్టి మన సంఖ్య 1,84,467 కోటి కోట్లు, 44,07,370 కోట్లు, 95 లక్షల 51 వేల 615 అన్నమాట!

ఇంత పెద్ద సంఖ్య కనబడగానే చాలామంది “అబ్బో!” అని ఊరుకుంటారు. కాని ఒక సంఖ్య పెద్దదని తెలుసుకోవడం వేరు, దాన్ని తెలుసుకోవడం వేరు. అది దేనితో భాగించబడుతుంది? ఏ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఏర్పడింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే పెద్ద పెద్ద యంత్రాలు కావాలేమో అనుకుంటున్నారా? అక్కరలేదు. కాగితం, పెన్సిలు, మీ బీజగణితం పుస్తకంలోని ఒకే ఒక సూత్రం చాలు. చివరి మెట్టు దగ్గర మాత్రం కొంచెం ఓపిక కావాలి. ఎందుకంటే ఆ మెట్టు మీదనే ఒకప్పుడు ఒక మహా గణితవేత్త అంచనా తప్పింది.

చదరంగం గళ్లలో పుట్టిన సంఖ్య

చదరంగం కనిపెట్టిన పండితుడి కథ మీరు వినే ఉంటారు. కథలో అతని పేరు సిస్సా. ఆట చూసి మురిసిపోయిన రాజు “ఏం కావాలో కోరుకో” అన్నాడట. పండితుడు వినయంగా, “మహారాజా! చదరంగం పలక మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్లకూ ఇప్పించండి చాలు” అన్నాడట. రాజు నవ్వుకున్నాడు. లెక్కలు కట్టిన ఉద్యోగులు మాత్రం నవ్వలేకపోయారు.

ఇది కథే. కాని ఇందులోని లెక్క నిజం. మొత్తం ఎన్ని గింజలో మనం కనుక్కుందాం. అరవై నాలుగు సంఖ్యలు రాసి కూడనక్కరలేదు. ఒక చిన్న ఉపాయం ఉంది. పక్కింటి నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చుకోండి. దాన్ని మొదటి గడిలోని గింజతో కలిపితే 2 గింజలు. రెండో గడిలో ఉన్నవీ రెండే కదా! కలిపితే 4. మూడో గడిలో ఉన్నవీ నాలుగే. కలిపితే 8. ఇలా ప్రతి గడి దగ్గరా చేతిలో ఉన్నన్ని గింజలే గడిలోనూ ఉంటాయి. గడి దాటినప్పుడల్లా చేతిలోని గింజలు రెట్టింపు అవుతాయి. అరవై నాలుగు గళ్లూ దాటేసరికి చేతిలో 2⁶⁴ గింజలు ఉంటాయి. ఇప్పుడు అప్పు తెచ్చిన గింజను తిరిగి ఇచ్చేయండి. మిగిలింది 2⁶⁴ − 1. అదే మన సంఖ్య.

2⁶⁴ విలువ కట్టడానికి కూడా అరవై మూడుసార్లు రెట్టింపు చేయనక్కరలేదు. 2తో మొదలుపెట్టి వర్గాలు కడుతూ వెళ్లండి. 2 వర్గం 4. 4 వర్గం 16. 16 వర్గం 256. 256 వర్గం 65536. దాని వర్గం 4294967296. ఇది 2³². ఇంకొక్కసారి వర్గం కడితే 18446744073709551616 వస్తుంది. ఆరు గుణకారాలతో అయిపోయింది! ఇందులోంచి 1 తీసివేస్తే మన సంఖ్య సిద్ధం. మన దేశం గురించి ప్రసిద్ధమైన గ్రంథం రాసిన అల్ బెరూనీ, ఇప్పటికి వెయ్యేళ్ల క్రితమే, చదరంగం గింజల మొత్తాన్ని ఇరవై అంకెలతోనూ సరిగ్గా లెక్కకట్టాడు.

ఆ గింజలు బియ్యపు గింజలే అనుకుందాం. గ్రాముకు సుమారు 40 గింజలు తూగుతాయనుకుంటే మొత్తం బరువు 46,000 కోట్ల టన్నులు దాటుతుంది. ఈనాడు ప్రపంచంలోని పొలాలన్నీ కలిసి ఏడాదికి ఇచ్చే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఆ పండితుడి బాకీ తీర్చడానికి ప్రపంచమంతా ఒక్క గింజ కూడా తినకుండా దాదాపు తొమ్మిది వందల ఏళ్లు పండించాలి!

ఇదే సంఖ్య ఇంకొక చోట కూడా ఎదురవుతుంది. ఎద్వార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో ఒక ఆట వస్తువు తయారుచేశాడు. మూడు పుల్లలు, ఒక పుల్లకు పెద్దవి కింద, చిన్నవి పైన ఉండేటట్టు గుచ్చిన బిళ్లలు. ఒక్కొక్క బిళ్లనే తీస్తూ, చిన్న బిళ్ల మీద పెద్దది పెట్టకుండా, అన్నిటినీ మరో పుల్లకు మార్చాలి. ఆ ఆటతో పాటు ఒక కథ కూడా ప్రచారంలోకి వచ్చింది. కాశీలోని ఒక గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఇలా మారుస్తున్నారనీ, ఆ పని పూర్తయిన నాడు ప్రళయం వస్తుందనీ ఆ కథ. అలాంటి గుడేమీ కాశీలో లేదు. కాని లెక్క ఉంది. ఒక బిళ్లకు 1 ఎత్తు, రెండింటికి 3, మూడింటికి 7, నాలుగింటికి 15 ఎత్తులు కావాలి. ఈ వరుస మీకు గుర్తుకొచ్చిందా? చదరంగం గళ్ల మొత్తాలే ఇవి. 64 బిళ్లలకు 2⁶⁴ − 1 ఎత్తులు. సెకనుకు ఒక ఎత్తు వేసినా సుమారు 58,000 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మన విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు మాత్రమే. కాబట్టి ప్రళయం గురించి కంగారు పడనక్కరలేదు!

అరవై నాలుగు ఒకట్లు

ఇక సంఖ్య లోపలికి వెళదాం. మనం రాసే సంఖ్యల్లో స్థానాల విలువలు 1, 10, 100, 1000 అని పదేసి రెట్లు పెరుగుతాయి. కంప్యూటర్లు వాడే పద్ధతిలో అవి 1, 2, 4, 8, 16 అని రెట్టింపు అవుతాయి. ఆ పద్ధతిలో వాడే అంకెలు 0, 1 రెండే. చదరంగం పలకలో ఒక్కో గడి ఒక్కో స్థానం అనుకోండి. ప్రతి గడిలోనూ గింజలు ఉన్నాయి కాబట్టి ప్రతి స్థానంలోనూ 1 రాయాలి. అంటే మన సంఖ్య ఆ పద్ధతిలో వరుసగా అరవై నాలుగు ఒకట్లు!

మీ ఇంట్లోని కంప్యూటరు గాని, సెల్‌ఫోను గాని ఒక సంఖ్యను సాధారణంగా 64 గదుల పెట్టెలో దాచుకుంటుంది. ఒక్కో గదిలో 0 గాని 1 గాని పడుతుంది. ఆ గదుల పేరే బిట్లు. అన్ని గదుల్లోనూ 1 ఉంటే అంతకంటే పెద్ద సంఖ్య ఆ పెట్టెలో పట్టదు. ఇంకొకటి కలిపితే, పాత స్కూటరు మీటరు 99999 దాటగానే 00000కు తిరిగినట్టు, గదులన్నీ సున్నాలైపోతాయి. రాజుగారి గిడ్డంగిలో పట్టని సంఖ్య మీ జేబులోని ఫోనులో ఒక చిన్న పెట్టె నింపుతోందన్నమాట.

అన్నీ ఒకే అంకెలున్న సంఖ్యలను విడగొట్టడం తేలిక. ఉదాహరణకు మన పద్ధతిలో 9999 తీసుకోండి. అది 99 × 101 అని చూడగానే తెలుస్తుంది. ఎందుకు? 9999 అంటే 10000 − 1, అంటే 100² − 1². రెండు వర్గాల భేదం ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే వస్తుందని మీరు చదువుకున్నారు. 49 − 25 కావాలంటే 7 + 5 = 12ను 7 − 5 = 2తో గుణిస్తే 24 వస్తుంది కదా! మనకు కావలసిన సూత్రం ఇదే.

మన సంఖ్య 2⁶⁴ − 1. ఇందులో 2⁶⁴ అనేది 2³² వర్గం. 1 తన వర్గం తానే. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1)

రెండో కారణాంకం మళ్లీ రెండు వర్గాల భేదమే! దాన్ని కూడా విడగొట్టండి: (2¹⁶ + 1) × (2¹⁶ − 1). మళ్లీ విడగొట్టండి. ఉల్లిపాయ పొరలు తీసినట్టు ఒక్కొక్క పొరే వస్తుంది. 2⁸ + 1, 2⁴ + 1, 2² + 1, 2 + 1, చివరకు 2 − 1. ఈ చివరిది 1 కాబట్టి వదిలేయవచ్చు. విలువలు వేసి చూడండి:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది! నమ్మకం లేకపోతే చిన్న పరీక్షలు చేసి చూడండి. చివరి అంకె 5 కాబట్టి 5తో భాగించబడుతుంది. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. అది 3తో భాగించబడుతుంది, 9తో భాగించబడదు. కాబట్టి మన సంఖ్యలో 3 ఒక్కసారే ఉంది. సరిపోయిందా?

అయితే పని అప్పుడే పూర్తి కాలేదు. ఈ ఆరు ముక్కలూ ప్రధాన సంఖ్యలేనా? 3, 5, 17 ప్రధాన సంఖ్యలని మీకు తెలుసు. 257ను 3, 5, 7, 11, 13లతో భాగించి చూడండి. ఏదీ పోదు. 17 వర్గం 289, అది 257 కన్నా పెద్దది కాబట్టి ఇంకా ముందుకు వెళ్లనక్కరలేదు. 257 ప్రధాన సంఖ్యే. 65537 కొంచెం శ్రమ పెడుతుంది. 256 లోపు బేసి ప్రధాన సంఖ్యలు 53 ఉన్నాయి. అన్నిటితోనూ భాగించినా ఏదో ఒక శేషం మిగులుతుంది. అదీ ప్రధాన సంఖ్యే.

ఇక మిగిలింది 4294967297.

ఫెర్మా నమ్మకం

ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో పియరే ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. వృత్తి న్యాయస్థానంలో, మనసు గణితంలో. పదిహేడో శతాబ్దంలో సంఖ్యల గుణాలను అంత లోతుగా చూసినవాడు మరొకడు లేడంటారు. 3, 5, 17, 257, 65537 అనే వరుస ఆయన దృష్టిలో పడింది. ప్రతిదీ అంతకు ముందు దానిలోంచి 1 తీసి, వర్గం కట్టి, 1 కలిపితే వస్తుంది. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయన నమ్మాడు. 1640లో మిత్రులకు రాసిన ఉత్తరాలలో ఆ మాట చెప్పాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు. ఈ సంఖ్యలను ఇప్పటికీ ఫెర్మా సంఖ్యలు అంటారు.

వరుసలో ఆరోది 4294967297. ఇది ప్రధాన సంఖ్యేనా? మామూలు పద్ధతిలో తేల్చాలంటే దీని వర్గమూలం దాకా, అంటే 65536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6542 ఉన్నాయి. పది అంకెల సంఖ్యను చేత్తో అన్నిసార్లు భాగించడానికి ఎవరు కూర్చుంటారు? పైగా చెప్పినవాడు ఫెర్మా! అలా తొంభై ఏళ్లు గడిచాయి.

1729లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ విషయం గురించి తన మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ మిత్రుడు రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గులో ఉన్న లియొనార్డ్ ఆయిలర్. అప్పటికి ఆయిలర్ వయసు 22 ఏళ్లు. మొదట పెద్దగా పట్టించుకోలేదు. తరువాత పట్టుకున్నాడు. 1732లో జవాబు చెప్పాడు:

4294967297 = 641 × 6700417

గుణించి చూడండి. 6700417ను 600తో గుణిస్తే 4020250200. 40తో గుణిస్తే 268016680. ఒకటితో గుణిస్తే 6700417. మూడూ కూడండి. సరిగ్గా 4294967297. ఫెర్మా అంచనా ఆరో సంఖ్య దగ్గరే తప్పిపోయింది!

అయిదు ప్రయత్నాలలో

ఆయిలర్‌కు ఈ 641 ఎలా దొరికింది? ఆయన గుడ్డిగా భాగించుకుంటూ పోలేదు. 2³² + 1ను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయన కనుక్కున్నాడు. చిత్రమేమిటంటే, ఈ షరతుకు మూలమైన సిద్ధాంతం ఫెర్మా స్వయంగా 1640లోనే ప్రకటించినది. శత్రువు కాదు, ఫెర్మా చేతి పనిముట్టే ఫెర్మా అంచనాను పడగొట్టిందన్నమాట.

ఈ షరతు పెట్టగానే పని ఎంత తగ్గిందో చూడండి. 64తో భాగిస్తే శేషం 1 వచ్చే సంఖ్యలు 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. 4294967297ను 193తో భాగిస్తే శేషం 109. 257తో భాగిస్తే 2. 449తో భాగిస్తే 325. 577తో భాగిస్తే 288. 641తో భాగిస్తే శేషం సున్నా! 6542 భాగహారాలు చేయాలేమో అని భయపెట్టిన లెక్క అయిదో భాగహారంతో తేలిపోయింది.

మీకు ఇంకో సందేహం రావచ్చు. 641 అంత చక్కగా ఎలా కుదిరింది? దీనికి చాలా అందమైన కారణం ఉంది. 641ను రెండు రకాలుగా రాయవచ్చు:

641 = 625 + 16 = 5⁴ + 2⁴
641 = 640 + 1 = 5 × 2⁷ + 1

మొదటి వరుస ప్రకారం 2⁴ అంటే 641 − 5⁴. ఇప్పుడు 2³²ను 2⁴ × 2²⁸ అని రాయండి. 2⁴ స్థానంలో 641 − 5⁴ పెట్టండి:

2³² + 1 = 641 × 2²⁸ − 5⁴ × 2²⁸ + 1

ఇందులో 5⁴ × 2²⁸ అంటే 5 × 2⁷ యొక్క నాలుగో ఘాతం. రెండో వరుస ప్రకారం అది 640⁴. కాబట్టి

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1)

640⁴ − 1 అనేది మళ్లీ రెండు వర్గాల భేదమే! మన పాత సూత్రంతోనే అది (640² + 1) × (640 + 1) × (640 − 1) అవుతుంది. అంటే 409601 × 641 × 639. ఇక చూడండి, కుడివైపు రెండు పదాలలోనూ 641 ఉంది! దాన్ని బయటకు తీస్తే లోపల మిగిలేది 2²⁸ − 409601 × 639. అంటే 268435456 − 261735039. తీసివేయండి: 6700417. ఆయిలర్ చెప్పిన రెండో కారణాంకం మీ కాగితం మీద పడింది. ఒక్క భాగహారం కూడా చేయలేదు!

ఆఖరి ముక్క

6700417 ఇంకా విడిపోతుందా? ఇక్కడ మళ్లీ లూకా వస్తాడు. అవును, బిళ్లల ఆట తయారుచేసిన లూకాయే. ఆయన 1878లో ఆయిలర్ షరతును ఇంకా బిగించాడు. అలాంటి ప్రధాన సంఖ్యను 64తోనే కాదు, 128తో భాగించినా శేషం 1 రావాలని చూపించాడు. 6700417 విడిపోతే, వచ్చే ముక్క కూడా 2³² + 1ను భాగిస్తుంది. కాబట్టి దానికీ ఇదే షరతు.

6700417 వర్గమూలం 2588కి కాస్త పైన. అంతవరకూ వెతికితే చాలు. 128తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలు ఆ లోపు అయిదే ఉన్నాయి: 257, 641, 769, 1153, 1409. వీటిలో 257తో 4294967297 పోదని ముందే చూశాం. మిగిలిన నాలుగింటితో 6700417ను భాగించండి. శేషాలు వరుసగా 44, 120, 334, 622 వస్తాయి. ఒక్కటీ పోలేదు. అంటే 6700417 ప్రధాన సంఖ్యే! ఏడంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని మీరు నాలుగు భాగహారాలతో తేల్చేశారు.

ఇప్పుడు మన ఇరవై అంకెల సంఖ్య పూర్తిగా విడిపోయింది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు. ఏదీ రెండుసార్లు రాలేదు. ఇన్ని కోటి కోట్ల గింజలను, ఒక్కటి కూడా మిగలకుండా, 641 మందికి సమంగా పంచవచ్చు. ఏడుగురికి మాత్రం పంచలేము!

స్కేలు, వృత్తలేఖినితో

ఫెర్మా అంచనా తప్పింది కాబట్టి ఆయన సంఖ్యలు పనికిరానివయ్యాయా? లేదు. 1796లో, పంతొమ్మిదేళ్లు ఇంకా నిండని గాస్ అనే జర్మన్ విద్యార్థి ఒక విషయం కనిపెట్టాడు. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని! మూడు, అయిదు భుజాలవి గీయడం రెండు వేల ఏళ్ల క్రితమే గ్రీకులకు తెలుసు. వారి తరువాత ఆ దిశలో ఒక్క అడుగు ముందుకు వేసినవాడు గాస్. ఏ బేసి సంఖ్య భుజాల క్రమ బహుభుజిని ఇలా గీయవచ్చు? భుజాల సంఖ్య ఒక ఫెర్మా ప్రధాన సంఖ్య గాని, వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం గాని అయి ఉండాలి. వేరే బేసి సంఖ్యలకు ఇది సాధ్యం కాదని 1837లో వాంజెల్ నిరూపించాడు.

మనకు తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు 3, 5, 17, 257, 65537. ఈ అయిదింటి లబ్ధం 4294967295, అంటే 2³² − 1. మన సంఖ్యను మొట్టమొదట రెండు ముక్కలు చేసినప్పుడు వచ్చిన రెండో ముక్క ఇదే! స్కేలు, వృత్తలేఖినితో గీయడానికి వీలైన బేసి భుజాల క్రమ బహుభుజులలో ఇప్పటికి తెలిసిన అన్నిటికంటే పెద్దదానికి ఇన్ని భుజాలు ఉంటాయి. హెర్మిస్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 65537 భుజాల బహుభుజిని గీసే పద్ధతి రాయడానికే పదేళ్లు పట్టింది. ఆయన 1894లో పూర్తి చేసిన రాతప్రతి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో భద్రపరిచారు.

అయిదు ఉదాహరణలు నిరూపణ కాదు

ఆయిలర్ తరువాత ఫెర్మా వరుసలో ముందుకు వెళ్లినవారికి ఏం దొరికింది? ఆరో సంఖ్య నుంచి, అంటే 2³² + 1 నుంచి, వరుసగా 28 సంఖ్యలు సంయుక్త సంఖ్యలేనని ఇప్పటికి తేలింది. ఆ తరువాతి సంఖ్య సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. మొదటి అయిదు తప్ప మరొక ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. “అన్నీ ప్రధాన సంఖ్యలే” అని ఫెర్మా అనుకున్న వరుస దాదాపు తలకిందులైంది.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఫెర్మా తెలివితక్కువవాడు కాడు. అయిదుసార్లు సరిపోయింది కదా అని ఆరోసారి కూడా సరిపోతుందనుకున్నాడు. మనం కూడా రోజూ చేసే పనే అది. సైన్సులో పది ప్రయోగాలు ఒకే ఫలితం ఇస్తే మనకు నమ్మకం కలుగుతుంది. గణితంలో పది కాదు, పది లక్షల ఉదాహరణలు సరిపోయినా అది నిరూపణ కాదు. కాని కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆ ఒక్క ఉదాహరణే 641.

ఇంకొక సంగతి. ఆయిలర్ షరతు ఏమీ తెలియకపోయినా, 2, 3, 5, 7, 11 అని వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ వెళ్లినా 641 దొరికేదే. అది వరుసలో 116వ ప్రధాన సంఖ్య. రోజుకు నాలుగు భాగహారాలు చేసే ఓపిక ఉన్న విద్యార్థికి అది ఒక నెల పని. ఎంత పెద్దవారు చెప్పిన మాటైనా, సరిచూడడానికి వీలున్నప్పుడు సరిచూడడంలో తప్పు లేదు. అది వారిని అగౌరవపరచడం కాదు.

ఇప్పుడు మీ వంతు

కింది ప్రశ్నలకు కంప్యూటరు అక్కరలేదు. కాగితం మీదే ప్రయత్నించండి.

1. మన ఇరవై అంకెల సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు, 1నీ ఆ సంఖ్యనూ కలుపుకుని, మొత్తం ఎన్ని? (ఏడు ప్రధాన సంఖ్యలలో ఒక్కొక్కటీ ఉండవచ్చు, లేకపోవచ్చు అని ఆలోచించండి.)

2. 3, 5, 17, 257లను గుణించి, వచ్చిన లబ్ధానికి 2 కలపండి. ఏ సంఖ్య వచ్చింది? ఇది ఎప్పుడూ ఇలాగే జరుగుతుందా? దీన్నిబట్టి రెండు ఫెర్మా సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదని చెప్పగలరా?

3. 99999999ను మన సూత్రంతో విడగొడితే 9 × 11 × 101 × 10001 వస్తుంది. 10001 ప్రధాన సంఖ్యేనా? వంద దాటకుండానే జవాబు దొరుకుతుంది.

4. 31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331 ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. ఏడుసార్లు సరిపోయింది. మరి 333333331? తొందరపడి “అవును” అనకండి. 17తో ఒకసారి భాగించి చూడండి!